లెక్క ముందే చేసేసిన పిల్లాడికి ఏం ఇవ్వాలి?

గుంటూరు వైపు ఒక పల్లెలో, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. బోర్డు మీద లెక్క రాయడం అయ్యేలోపే జవాబు చెప్పేసే పిల్లలు ఏడాదికో రెండేళ్లకో ఒకరు తగులుతారు. అలాంటి ఒక బాబు విషయంలో నేను చేసిన తప్పు ముందు చెబుతాను.

నాలుగో తరగతి. వాళ్ల నాన్న కౌలుకు మిరప వేసేవాడు. వాడి లెక్కలు ఐదు నిమిషాల్లో అయిపోయేవి. మిగతా పిల్లల నోట్‌బుక్కులు దిద్దమని ఇచ్చేదాన్ని. అది వాడికి గౌరవం అనుకున్నాను. నెల తిరిగేసరికి వాడు కావాలనే మెల్లగా రాస్తున్నాడు. ఎందుకురా అంటే, "తొందరగా అయిపోతే మళ్లీ పని చెప్తారుగా టీచర్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే, త్వరగా ముగించిన పిల్లలకు అదే రకం లెక్కలు ఇంకో పది ఇవ్వకండి. పై తరగతి పుస్తకమూ చేతిలో పెట్టకండి. అది ఇప్పుడే చదివేస్తే వచ్చే ఏడాదంతా మళ్లీ ఖాళీగా కూర్చోవాలి. ఉన్న పాఠంలోనే లోతుకు దిగే లెక్క ఒకటి ఇవ్వండి.

ఆ బాబుకు తీసివేతలు వచ్చు. మొదటి అంకె, చివరి అంకె వేరువేరుగా ఉన్న ఏదైనా మూడంకెల సంఖ్య రాసి, దాన్ని తిరగేసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యమన్నాను. 532లోంచి 235 పోతే 297. 841లోంచి 148 పోతే 693. పేజీ నిండా చేసి పరిగెత్తుకొచ్చాడు: "మధ్యలో ఎప్పుడూ తొమ్మిదే టీచర్! అటూ ఇటూ ఉన్నవి కలిపినా తొమ్మిదే!" 554తో చెయ్యమన్నాను. 99 వచ్చింది. కాసేపు తల గోక్కుని, "ముందు సున్నా ఉంది, కనబడట్లేదంతే" అన్నాడు. మరి ఎందుకలా వస్తోంది అని అడిగి వదిలేశాను. మూడో రోజు ప్రార్థన లైన్లోనే చెప్పాడు: "532లో మూడు వందలు పోయి మూడు ఒకట్లు వచ్చాయి. ఒక్కోదానికి 99 పోతోంది!"

ఆ మూడు రోజులూ జవాబు చెప్పకుండా ఉండటం నాకు చాలా కష్టమైంది. మీకూ అవుతుంది. అయినా చెప్పకండి. మీకే తెలియని ప్రశ్న అడిగితే "నాకూ తెలీదు, ఇద్దరం చూద్దాం" అనండి.

ఇంట్లో ఒక జాగ్రత్త. చుట్టాల ముందు "మావాడు జీనియస్" అని ఇరవయ్యో ఎక్కం అప్పజెప్పించకండి. ఆ పేరు పోతుందన్న టెన్షన్‌తో కష్టమైన లెక్క ముట్టుకోవడమే మానేస్తారు. లెక్కల్లో ఎంత ముందున్నా వాడికి తొమ్మిదేళ్లే. ఆటలో ఓడిపోతే ఏడుస్తాడు. ఏడవనివ్వండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ సాయంత్రం ఆటలు మాన్పించడం నాకు అస్సలు ఇష్టం లేదు.

పరీక్షల సంగతి. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఐదులో ఉండగా రాయాలి, ఒక్కసారే అవకాశం. తెలుగులోనే రాయొచ్చు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అందులో 40 బొమ్మలతో ఉండే మేధాశక్తి ప్రశ్నలే. మన పాఠ్యపుస్తకాల్లో అవి ఉండవు కాబట్టి పాత పేపర్లు తెచ్చి రోజుకు నాలుగైదు చేయించండి చాలు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. అయితే సీటొస్తే హాస్టల్లో ఉండాలి, కాబట్టి దరఖాస్తుకు ముందే పిల్లల్ని అడగండి.

ఆ బాబు "అమ్మ దగ్గరే ఉంటా" అన్నాడు. "ఏం చేద్దాం మేడం?" అన్నాడు వాళ్ల నాన్న. ఊరి పక్క హైస్కూల్లో చేర్పించాం. ప్రభుత్వ బడుల పిల్లలకు ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. వాడికి వచ్చింది. మొదటి ఏడాది డబ్బుతో వాళ్ల నాన్న సైకిలు కొనిపెట్టాడు. దానిమీదే శనివారం సాయంత్రాలు మా ఇంటికి లెక్కలు పట్టుకొచ్చేవాడు.