బజారులో పార్కింగ్‌కి షాపులోళ్ళే డబ్బులేసుకుని నడుపుకోవడం ఎట్టా

నెల్లూరు ట్రంక్ రోడ్డులో గానీ చిన్నబజారులో గానీ షాపు ఉన్న ఎవర్ని కదిలించినా ఒకటే మాట, బండి పెట్టుకునేదానికి చోటు లేక గిరాకీ అంతా మినీ బైపాస్ వైపు పోతా ఉందని. కార్పొరేషనోళ్ళు చేస్తారులే అని కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. పోనీ చందాలేసుకుందాం అంటే మొదటి నెల అందరూ ఇస్తారు, మూడో నెలకి సగం మంది ఈసారికి వదిలెయ్యన్నా అంటారు, ఇవ్వనోడి షాపు ముందు కూడా ఊడవాల్సిందే కదా, దాంతో ఇచ్చేవాడికి కడుపు మండి వాడూ మానేస్తాడు. ఈ చిక్కు అన్ని దేశాల్లోనూ ఉంది, దానికి వాళ్ళు కనిపెట్టిన దారేందో, మన చట్టాల్లో దాన్ని ఎంతవరకు చెయ్యొచ్చో రాస్తా ఉండా. ఒంగోలు వాళ్ళకీ ఇదే లెక్క.

కెనడాలో టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అని ఒక బజారు. మాల్స్ వచ్చి వ్యాపారం దెబ్బతింటే అక్కడి షాపులోళ్ళు 1970లో బజారు చుట్టూ హద్దు గీయించుకుని, ఆ హద్దులో ఉన్న ప్రతి వ్యాపారం అదనంగా కొంత పన్ను కట్టేట్టు పెట్టించుకున్నారు. వసూలు చేసేది మున్సిపాలిటీ, ఖర్చు పెట్టేది బజారు సంఘం, ఎగ్గొట్టేదానికి లేదు. దీన్నే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అంటారు. ఇంగ్లండులో 2003లో చట్టం చేశారు, అక్కడ ముందు ఓటింగ్ పెట్టాలి, ఓటేసిన వాళ్ళలో సగం కంటే ఎక్కువమంది ఒప్పుకోవాలి, దాంతోపాటు ఆ ఒప్పుకున్నోళ్ళ షాపుల పన్ను విలువ, అంటే పన్ను వేసేదానికి షాపుకి కట్టే విలువ, కూడా ఓటేసినోళ్ళందరి మొత్తంలో సగం దాటాలి. అంటే పెద్ద షోరూములోళ్ళు నలుగురు కలిసి చిన్నోళ్ళ నెత్తిన రుద్దలేరు, చిన్నోళ్ళంతా ఒకటై పెద్దోళ్ళ మీదకి తోసెయ్యనూ లేరు. ఐదేళ్ళకి మించి నడవాలంటే మళ్ళీ ఓటింగే. ఈ రెండు లెక్కల ఓటు చాలా మంచి ఆలోచన, మనం తప్పకుండా తీసుకోవాలి.

అమెరికాలో పాసడీనా సంగతి కూడా తెలుసుకోవాల్సిందే. పాత బజారులో పార్కింగ్ మీటర్లు పెడతామంటే షాపులోళ్ళు గిరాకీ పోద్దని అడ్డం తిరిగారు. ఆ మీటర్ల డబ్బు మీ వీధుల్లోనే ఖర్చు పెడతాం అన్నాక ఒప్పుకున్నారు, 1993లో గంటకి డాలరు లెక్కన మొదలైంది, ఆ డబ్బుతో ఫుట్‌పాత్‌లు, లైట్లు, చెట్లు, రోజూ శుభ్రం చెయ్యడం, ఇట్టా బజారే మారిపోయింది. నాకర్థమైంది ఏందంటే జనం డబ్బులియ్యనిది పిసినారితనంతో కాదు, ఇచ్చింది యాడికి పోతా ఉందో కనపడక.

ఇక మన దగ్గరికొస్తే, మన రాష్ట్రంలో ఇట్టాంటి బజారు పన్నుకి ప్రత్యేకంగా చట్టం లేదు. చట్టం లేకుండా ఎవరూ పన్ను వెయ్యకూడదని రాజ్యాంగం 265వ ఆర్టికల్ చెప్తా ఉంది, కాబట్టి మీ సంఘం వసూలు చేసేదాన్ని రసీదు మీద పన్ను అని రాయొద్దు, సభ్యత్వ రుసుం అనండి. బలవంతం చేసే హక్కు మనకి లేదు, ముందే రాతపూర్వకంగా ఒప్పుకున్నోళ్ళ దగ్గరే తీసుకోవాలి. అట్నే పబ్లిక్ రోడ్డు మీద గిరాకీ దగ్గర పార్కింగ్ డబ్బులు తీసుకోవాలంటే కార్పొరేషన్ అనుమతి ఉండాల్సిందే. ప్రైవేటు ఖాళీ స్థలం లీజుకి తీసుకుని నడపడం దీనికంటే తేలిక.

మొదట చెయ్యాల్సింది లెక్క. ఒక కుర్రోడికి పొడుగు నోట్‌బుక్ ఇచ్చి పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకోసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించండి, షాపుల ముందున్న ప్రతి బండి నంబరు చివరి నాలుగంకెలు రాసుకోమనండి, మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి. సాయంత్రం ఆ పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే అదే నంబరు ఐదారు పేజీల్లో కనపడద్ది. అది గిరాకీ బండి కాదు, షాపు ఓనరుదో సేల్స్ కుర్రోళ్ళదో. పదింటికి స్టాండేసి సీటు మీద అట్టముక్క కప్పేసి పోతే మళ్ళీ షట్టర్ దించినప్పుడే తీసేది. ఈ బండ్లన్నీ ఒక ఖాళీ స్థలానికి మార్చగలిగితే కొత్తగా పార్కింగ్ కట్టకుండానే బోలెడు చోటు దొరుకుద్ది. అందుకే స్టాఫ్ పార్కింగ్ కోసం ముందు స్థలం చూసుకోండి, నడిస్తే ఐదు నిమిషాలు దాటకూడదు. ఓపెన్ స్థలంలో ఒక కారుకి, తిరిగే దారితో కలిపి, 23 చదరపు మీటర్లు లెక్కేస్తారు, స్థలం ఎంత కావాలో దాన్నిబట్టి చూసుకోవచ్చు.

తర్వాత డబ్బు. వంద షాపులున్న వీధి అనుకుందాం, సగటున 12 అడుగుల ముఖం. నెలకి నలుగురు మనుషులకి 60 వేలు, సాయంత్రం ఊడిచే ఇద్దరికి 24 వేలు, స్థలం అద్దె 40 వేలు, లైట్లు, రంగులు, రసీదు పుస్తకాలు, ఆడిటర్ కలిపి 16 వేలు, మొత్తం లక్షా 40 వేలు. పార్కింగ్ మీద 50 వేలు వస్తే మిగతా 90 వేలు షాపుల మీద. 1200 అడుగులకి పంచితే అడుగుకి 75 రూపాయలు, అంటే 12 అడుగుల షాపుకి నెలకి 900, రోజుకి 30. మూల మీద 30 అడుగుల షోరూముకి 2250. నా మటుకు అడుగుల లెక్కే మేలు, టేపు పట్టి అందరి ముందూ కొలిస్తే వాదన ఉండదు, అదే అమ్మకాల లెక్కన అన్నారంటే ఎవరూ నిజం చెప్పరు. మేడ మీద షాపులకి సగం రేటు పెట్టుకోవచ్చు. బిల్డింగ్ ఓనర్లని కూడా కూర్చోబెట్టండి, బజారు బాగుపడితే అద్దె పెరిగేది వాళ్ళకే కదా, మూడో వంతన్నా వాళ్ళు భరించడం న్యాయం.

ఇంగ్లండు లెక్కన షాపులోళ్ళ మధ్య ఓటింగ్ పెట్టుకుని, అది అయ్యాక సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించండి, ఏడుగురు సభ్యులుంటే చాలు. బ్యాంకు ఖాతా సంఘం పేరునే ఉండాలి, చెక్కు మీద రెండు సంతకాలు, జీఎస్టీ సంగతి ఆడిటర్ని ముందే అడగండి. మూడేళ్ళ ఒప్పందం రాసుకుని తర్వాత మళ్ళీ ఓటు. అప్పుడు కమిషనర్ దగ్గరికి కాగితాలతో పొండి. పార్కింగ్ ఆశీలు వేలంలో కాంట్రాక్టరుకి ఇచ్చే బదులు మా సంఘానికి ఇవ్వండి, వచ్చే ఆదాయంలో ఇంత కార్పొరేషన్‌కి కడతాం, మిగతాది ఈ వీధిలోనే పెడతాం అని అడగాలి, కౌన్సిల్ తీర్మానం లేకుండా నోటిమాట మీద మొదలుపెట్టొద్దు. సామాన్లు దించే ఆటోలకి పొద్దున టైము, రోడ్డుకి ఏ వైపు బండ్లు పెట్టాలి అనేది ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడి బోర్డులు పెట్టించాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్తా ఉండా. పూలోళ్ళని, పండ్ల బండ్లోళ్ళని తరిమేసేదానికి ఈ సంఘాన్ని వాడుకోవద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకి హక్కు ఇచ్చింది, వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ళ ప్రతినిధులే ఉండాలి. వాళ్ళ కోసం కూడా బజారుకి మనుషులు వస్తా ఉండారు, మీ మీటింగుకి పిలిచి గీతలు ఎక్కడ గీయాలో వాళ్ళతో కలిసే చూసుకోండి.

జమాఖర్చులు ప్రతి నెలా ఐదో తారీకు లోపల వీధి మొదట్లో బోర్డు మీద రాయించండి, వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోవద్దు. మొదటి నెలే కంటికి కనపడే పని ఒకటి చెయ్యాలి, లైట్లో, తెల్ల గీతలో, ఆడోళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్డో, నేనైతే మరుగుదొడ్డే అంటాను, పట్టుచీరలకి పల్లెల నుంచి పొద్దున్నే వచ్చిన ఆడోళ్ళు మధ్యాహ్నానికి తిరిగిపోయేది సగం దానివల్లే. దసరా, సంక్రాంతి రద్దీలో ఇవేవీ మొదలుపెట్టకండి, పెళ్ళిళ్ళు లేని మూఢం రోజులు చూసుకుని మొదలుపెడితే షాపులోళ్ళకి మీటింగుకి వచ్చే తీరికన్నా ఉంటుంది.