బిళ్ళ గన్నేరు వాడిపోతోందా? నీళ్ళ మగ్గు పక్కన పెట్టి ముందు మట్టి చూడండి

బిళ్ళ గన్నేరు మొండి మొక్క. గోడ పగుళ్ళలో మొలుస్తుంది, కంకరలో పూస్తుంది. అలాంటిది కుండీలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తుంటే చచ్చిపోయిందంటే, చాలాసార్లు ఆ రోజూ పోయడమే కారణం. మొక్క తల వాల్చిందని ఎవరు ఫొటో పంపినా నేను అడిగేది ఒక్కటే: మట్టిలో వేలు పెట్టి చూశారా? నూటికి తొంభై మంది చూడరు. పోసేస్తారు.

ఆకులు వాలాయి, మట్టి పొడిగా ఉంది

దాహం. నీళ్ళు పోయండి, కొన్ని గంటల్లో లేస్తుంది. మధ్యాహ్నం ఎండకు వాలి, సాయంత్రానికి తనే లేస్తే అదీ అక్కర్లేదు.

ఆకులు వాలాయి, మట్టి తడిగా ఉంది

అసలు తంటా ఇదే. వేరు కుళ్ళింది. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి, నీళ్ళలో నిలబడి కూడా మొక్క దాహంతో వాడుతుంది. మనం దాహమే అనుకుని ఇంకో మగ్గు పోస్తాం.

నిర్ధారించుకోవడం తేలిక. మొక్కను కుండీ నుంచి బయటికి తీసి, ఒక సన్న వేరును రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరు పైతొక్క తొడుగులా ఊడి చేతికొస్తుంది, లోపల దారం లాంటి పోగు మిగులుతుంది. ఒక్కోసారి వేరు బాగానే ఉండి, ఒక కొమ్మ మాత్రం మధ్యలో వేడి నీళ్ళు పడినట్టు నల్లబడి వాలిపోతుంది. వానలప్పుడు ఇది ఎక్కువ. రెండింటికీ సాధారణంగా కారణం ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి.

దీని దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ఒకే కుండీలో వరసగా నాలుగు మొక్కలు పోయాయి. ప్రతిసారీ చచ్చిన మొక్క పీకి, అదే మట్టిలో కొత్తది పెట్టాను. పైగా కార్బెండజిమ్ కలిపి పోశాను, ఫంగస్‌కి అదే మందు అనుకుని. ఫైటోఫ్తోరా చూడటానికి ఫంగస్‌లా ఉంటుంది కానీ అసలు ఫంగస్ కాదు, దాని మీద కార్బెండజిమ్ పనిచేయదు. దాని బీజాలు తడి మట్టిలో ఈదుకుంటూ వేరు దగ్గరికి చేరతాయి. మొక్క పోయినా మట్టిలో అలాగే ఉండిపోతాయి. అంటే నేను ప్రతి కొత్త మొక్కనూ నేరుగా దాని నోట్లో పెట్టాను.

కాబట్టి ఆ మట్టిని ఇంకో కుండీలో పోయకండి, పారేయండి. కుండీని రుద్ది కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి కాసేపు నానబెట్టి, మళ్ళీ కడిగి ఎండబెట్టండి. కొత్త మట్టిలో ఇసుక ధారాళంగా కలపండి. అడుగు చిల్లు మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. కింద పళ్ళెం ఉంటే తీసేయండి. అందులో నిలిచే నీళ్ళే సగం మొక్కల్ని చంపుతాయి. ఇకపై నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో, ఉదయం పూట, పైమట్టి ఆరాకే. మెటలాక్సిల్ ఉన్న మందు పక్క మొక్కల్ని కాపాడొచ్చు, కుళ్ళిన వేరును మాత్రం బతికించదు. చావు ఖాయమైన మొక్కకు మచ్చ లేని కొమ్మ ఒక్కటి మిగిలినా, జానెడు కత్తిరించి, కింది ఆకులు తీసి ఇసుకలో గుచ్చండి. ఊరికే వేర్లు వేస్తుంది.

పీకిన మొక్క ఆకులు షుగర్‌కి దాచుకోవచ్చా?

ప్రతిసారీ వచ్చే ప్రశ్న. వద్దు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు కూడా ఈ షుగర్ మాట విని ఆకు సారాన్ని ఎలుకల మీద పరీక్షించారు. షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటపడింది. తర్వాత ఇదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ దొరికింది, పిల్లల్లో బ్లడ్ క్యాన్సర్‌కి ఈనాటికీ వాడతారు. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కి సుమారు 500 కిలోల ఎండు ఆకు కావాలి. డాక్టర్లు రక్తపరీక్షలు చూసుకుంటూ నరంలోకి ఎక్కించే మందు అది. ఏ ఆకులో ఏది ఎంతుందో తెలియకుండా రోజూ పొద్దున్నే నమలడం వైద్యం కాదు. ఇప్పటికే షుగర్ మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు అసలే ముట్టుకోవద్దు.

మిగతావి

ఆకు పసుపు రంగుకి మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఐరన్ అందడం లేదు. సాధారణంగా మట్టిలో క్షారం ఎక్కువైతే ఇలా అవుతుంది. కింది ముదురాకులు ఒకటీ రెండూ పసుపు రంగుకి మారితే టెన్షన్ వద్దు, వాటి వయసు అయిపోయింది.

గుబురుగా పెరిగి పూయకపోతే నీడ ఎక్కువైంది, లేదా నత్రజని ఎక్కువ వేశారు. రోజుకు ఆరు గంటల ఎండలో పెట్టి ఎరువు ఆపండి.

విత్తనం మొలవకపోతే పైన మట్టి కప్పారా చూడండి. చీకట్లో బాగా మొలుస్తుంది.

పువ్వులు ఆకుపచ్చగా, చిట్టి ఆకుల్లా వస్తుంటే ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి పట్టినట్టు, దాన్ని దీపపు పురుగులు మోసుకొస్తాయి. అరుదు. మందు లేదు, పీకి పారేయండి.