బోరింగు నీళ్ళలో ఆర్సెనిక్: ఒంటికి ఏం చేస్తుంది, ఇంట్లో ఏం చెయ్యాలి

రైల్వే అనో బీఎస్ఎఫ్ అనో బ్యాంకు అనో బెంగాల్, బీహార్ వైపు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉంటారు. ఇల్లు చూసేటప్పుడు అద్దె ఎంత, స్కూలు ఎంత దూరం, కరెంటు సరిగ్గా ఉంటుందా అని అన్నీ అడుగుతారు గానీ వంటింట్లోకి వచ్చే నీళ్ళు ఎక్కడివి, బోరు ఎంత లోతు అని మాత్రం అడగరు. ముర్షిదాబాద్, నదియా, మాల్దా, రెండు 24 పరగణాల జిల్లాలు, బీహార్‌లో భోజ్‌పూర్, బక్సర్ లాంటి గంగ ఒడ్డు ఊళ్ళు, యూపీలో బలియా, వీటిలో ఎక్కడికైనా వెళ్తుంటే మాత్రం దయచేసి ముందు ఈ ప్రశ్న అడగండి, అక్కడి బోరు నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు.

మన వైపు నీళ్ళ జబ్బు అనగానే నల్లగొండ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది పిల్లల పళ్ళ మీద గారగా కనబడుతుంది, తర్వాత ఎముకల్ని పట్టుకుంటుంది. ఆర్సెనిక్ అలా కాదు, నీళ్ళలో రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి కూడా మారదు, గ్లాసులో పోసి చూస్తే తళతళలాడుతూ ఉంటాయి. అది ఏ ఫ్యాక్టరీయో వదిలింది కూడా కాదు, వేల ఏళ్ళుగా హిమాలయాల నుంచి నదులు తెచ్చి పోసిన ఒండ్రులో ఇనుముకి అంటుకుని ఉంటుంది, భూమి లోపల గాలి ఆడని చోట సూక్ష్మజీవులు ఆ ఇనుముని కరిగిస్తే దానితో పాటు ఆర్సెనిక్ కూడా నీళ్ళలోకి దిగుతుంది. బంగ్లాదేశ్‌లో, బెంగాల్‌లో చెరువు నీళ్ళు తాగి కలరా, విరేచనాలతో పిల్లలు పోతున్నారని లక్షల చేతి పంపులు వేశారు, మంచి ఉద్దేశంతోనే వేశారు, కానీ ఆర్సెనిక్ ఉందేమో అని అప్పట్లో ఎవరూ టెస్ట్ చెయ్యలేదు. 1983లో కోల్‌కతా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మ డాక్టరు క్షితీశ్ చంద్ర సాహా గారు ఊళ్ళ నుంచి వస్తున్న పేషెంట్ల చర్మం చూసి ఇది ఆర్సెనిక్ అని పట్టుకున్నారు, బంగ్లాదేశ్‌లో 1993లో బయటపడింది.

ముందు నీళ్ళు టెస్ట్ చేయించండి. పక్కింటి బోరు బాగుందట కదా అని ఊరుకోవద్దు, ఒకే వీధిలో ఒక పంపులో అసలు లేకుండా దాని పక్క పంపులో ఎక్కువ ఉండటం అక్కడ మామూలే, కాబట్టి మీరు తాగే పంపునే చూపించాలి. శాంపిల్ తీసేముందు పంపుని కొన్ని నిమిషాలు కొట్టి పైపులో నిలవ ఉన్న నీళ్ళు పోనివ్వండి, ల్యాబ్ వాళ్ళు ఇచ్చిన బాటిల్ అయితే మంచిది, లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌ని అదే నీళ్ళతో రెండు మూడు సార్లు తొలిచి నింపండి, బాటిల్‌లో ముందే యాసిడ్ చుక్కలు వేసి ఇస్తే మాత్రం తొలవకండి. జిల్లాలో నీటి శాఖ ల్యాబ్‌లు ఉంటాయి, జల్ జీవన్ మిషన్ వచ్చాక మామూలు జనం కూడా వాటిలో టెస్ట్ చేయించుకోవచ్చు. అక్కడికక్కడే చూసే ఫీల్డ్ కిట్‌లో తెల్ల కాగితం పసుపు, గోధుమ రంగుల్లోకి మారడం చూసి చెప్తారు, బాగా ఎక్కువ ఉంటే అది సరిగ్గానే చెప్తుంది గానీ హద్దు దగ్గర అంకెలకి దాన్ని నమ్మకండి, ల్యాబ్‌కే పంపండి.

రిపోర్ట్ చదవడంలోనే చాలామంది తికమక పడతారు. లిమిట్ లీటరుకి 10 మైక్రోగ్రాములు, డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేదీ ఇదే, మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్పేదీ ఇదే. కొన్ని రిపోర్టుల్లో మిల్లీగ్రాముల్లో వేస్తారు, అప్పుడు అదే 0.01 అవుతుంది. అంటే 0.05 అని కనబడితే ఎంత చిన్న అంకె అనుకోకండి, అది లిమిట్‌కి 5 రెట్లు. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ 50 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటున్నారు, అందుకని అక్కడ టెస్ట్ చేసి బాగుందని ఆకుపచ్చ రంగు వేసిన పంపు అంటే 50 లోపు అని అర్థం, అంతేగానీ 10 లోపు అని కాదు.

ఎక్కువ ఉందని తేలితే కంగారు పడి ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు, తాగే నీళ్ళు, వంట నీళ్ళు, ఈ రెండూ మార్చాలి. స్నానం చెయ్యొచ్చు, బట్టలు ఉతకొచ్చు, అంట్లు కడగొచ్చు, చర్మం లోంచి అది లోపలికి పెద్దగా పోదు. పాలపొడి కలిపే నీళ్ళు, టీ నీళ్ళు, బియ్యం, పప్పు ఉడికించే నీళ్ళు మాత్రం తాగే నీళ్ళ కిందే లెక్క. బిందెలు కలిసిపోతే మొత్తం పని వృథా కాబట్టి వేరేగా, కంటికి తెలిసేట్టు పెట్టుకోండి, పనమ్మాయికీ అమ్మమ్మకీ కూడా చెప్పి ఉంచండి.

ఇక ఫిల్టర్ల సంగతి, ఇక్కడే ఎక్కువ మోసపోతారు. కాచితే పోదు, పైగా నీళ్ళు ఆవిరై ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ, క్లోరిన్ బిళ్ళ ఇవన్నీ క్రిముల కోసం, వీటితో ఆర్సెనిక్ తగ్గదు. ఆర్ఓ తీస్తుంది గానీ ఆర్సెనిక్ నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, బోరు నీళ్ళలో ఎక్కువగా ఉండే రూపాన్ని ఆర్ఓ సరిగ్గా ఆపలేదు, అందుకే మిషను కొనేసి ఊరుకోకుండా దాన్నుంచి వచ్చిన నీళ్ళనే మళ్ళీ ల్యాబ్‌కి పంపండి. ఇనుము మీదకి ఆర్సెనిక్‌ని అంటించుకునే ఫిల్టర్లు ఈ పనికి బాగా పనిచేస్తాయి, ఐఐటీ మద్రాస్‌లో ప్రదీప్ గారి టీమ్ చేసిన అమృత్ అలాంటిదే, బంగ్లాదేశ్‌లో సోనో ఫిల్టర్ కూడా అంతే. కానీ ఏదైనా కొన్నాళ్ళకి నిండిపోతుంది, నిండిన ఫిల్టరు ఉన్నా లేనట్టే, బయటికి ఏమీ తెలియదు, కాబట్టి లోపల ఆర్సెనిక్‌ని పట్టే పదార్థం (మీడియా అంటారు) ఎప్పుడు మార్చాలో రాసి గోడకి అంటించుకోండి. వీటన్నిటికన్నా నాకు నమ్మకం నది నీళ్ళు శుద్ధి చేసి పైపులో ఇచ్చే సప్లై మీద, అది లేకపోతే 150 మీటర్లు దాటిన లోతు బోరు, అది కూడా టెస్ట్ అయ్యాకే.

అన్నం గురించి చెప్పాలి. వరి నీళ్ళలో నిలబడి పెరుగుతుంది కాబట్టి మిగతా ధాన్యాల కన్నా ఆర్సెనిక్ ఎక్కువ లాగుతుంది, ఆ జిల్లాల్లో పొలాలకీ బోరు నీళ్ళే పెడతారు. మన అమ్మమ్మలు చేసినట్టు బియ్యం బాగా కడిగి, ఒకటికి ఆరు నీళ్ళు పోసి ఉడికించి గంజి వారిస్తే సగం దాకా తగ్గుతుంది. షరతు ఏంటంటే ఆ నీళ్ళు మంచివై ఉండాలి, ఆర్సెనిక్ నీళ్ళతోనే వండితే బియ్యం ఇంకాస్త పీల్చుకుంటుంది. కుక్కర్‌లో ఇగరబెట్టి వండితే ఉన్నదంతా అన్నంలోనే ఉండిపోతుంది. గంజి పారబొయ్యడం మనకి మనసొప్పదు, నాకూ ఒప్పదు, కానీ అక్కడి బియ్యం అయితే తాగకండి.

ఒంట్లో ఏం జరుగుతుందంటే, మొదట చాలా ఏళ్ళు ఏమీ జరగనట్టే ఉంటుంది. మామూలుగా ఐదేళ్ళు దాటాక ఛాతీ మీద, వీపు మీద వానచినుకులు పడ్డట్టు నల్ల మచ్చలు, మధ్యమధ్యలో తెల్ల మచ్చలు వస్తాయి. అరిచేతులూ అరికాళ్ళూ గరుగ్గా మారి చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి, పొలం పని చేసేవాళ్ళు కాయలు కాశాయిలే అనుకుంటారు, కానీ పనికి కాసే కాయ ఒత్తిడి పడే చోటే ఉంటుంది, ఇవి రెండు చేతులకీ రెండు కాళ్ళకీ, ఒత్తిడి లేని చోట కూడా వస్తాయి. వాటిలో ఏదైనా పుండుగా మారి మానకపోతే ఆలస్యం చెయ్యొద్దు, చర్మ క్యాన్సర్ అక్కడి నుంచే మొదలవ్వచ్చు. చేతులు కాళ్ళు తిమ్మిర్లు, మంటలు, వదలని దగ్గు, కాలేయం దెబ్బతినడం, గుండె జబ్బులు, షుగరు ఇవన్నీ దీనితో ముడిపడ్డవే. తైవాన్ నైరుతి తీరంలో కాళ్ళకి రక్తం అందక వేళ్ళు నల్లబడి కుళ్ళిపోయే జబ్బే వచ్చింది. ఊపిరితిత్తులు, మూత్రాశయం, చర్మం, ఈ మూడింటి క్యాన్సర్‌కి ఆర్సెనిక్ కారణమని గట్టిగా రుజువైంది.

నన్ను బాగా భయపెట్టింది చిలీలో ఆంటోఫగాస్టా ఊరు. 1958 నుంచి 1970 దాకా ఆ ఊరి కుళాయి నీళ్ళలో లీటరుకి 800 మైక్రోగ్రాములకి పైనే ఉండేది, తర్వాత ప్లాంట్ పెట్టి తగ్గించేశారు, అయినా ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ చావులు ఆ తర్వాత 20, 30 ఏళ్ళకి కూడా మామూలు కన్నా చాలా ఎక్కువగానే ఉన్నాయి, కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ ఆ నీళ్ళు పడ్డ పిల్లల్లో పెద్దయ్యాక కూడా అంతే. అందుకే మచ్చలు వచ్చాక చూద్దాంలే అనే మాట ఇక్కడ పనికిరాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎన్నేళ్ళు ఏ నీళ్ళు తాగారో ముందే చెప్పండి, మీరు చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు. రక్త పరీక్ష పెద్దగా ఉపయోగపడదు, ఆర్సెనిక్ రక్తంలోంచి త్వరగా పోతుంది. మూత్రం పరీక్ష గత కొన్ని రోజుల సంగతి చెప్తుంది, దానికి ముందు మూడు నాలుగు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు మానెయ్యండి, వాటిలో ఉండే హాని లేని ఆర్సెనిక్ కూడా కలిసి లెక్క పెరిగిపోతుంది. వెంట్రుకలు, గోళ్ళు అయితే గత కొన్ని నెలలది చెప్తాయి. ఇన్నేళ్ళుగా పేరుకున్న జబ్బుని కడిగేసే మందు లేదు, విషం లాగేస్తాం అని ఖరీదైన సెలైన్లు ఎక్కించేవాళ్ళకి డబ్బులు పొయ్యకండి. నీళ్ళు మార్చడమే అసలు వైద్యం. గరుకు తగ్గడానికి యూరియా, సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఆయింట్‌మెంట్లు రాస్తారు, పప్పు, గుడ్డు, ఆకుకూరలు బాగా తినమంటారు, సరైన తిండి లేనివాళ్ళకే ఇది ఎక్కువ దెబ్బ కొడుతుంది. సిగరెట్, బీడీ ఉంటే వెంటనే మానెయ్యాలి, ఆర్సెనిక్‌కి పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెండూ విడివిడిగా తెచ్చే దానికన్నా ఎక్కువ.

ఇది అంటువ్యాధి కాదు. కుష్టు అనుకుని ఆడపిల్లల పెళ్ళిళ్ళు తప్పిపోయిన, కోడళ్ళని పుట్టింటికి పంపేసిన ఊళ్ళు ఉన్నాయి, మీ పక్కింట్లో అలాంటి వాళ్ళుంటే వాళ్ళ చేతి టీ తాగండి, నీళ్ళు మాత్రం మంచి చోటి నుంచి మీరే తీసుకెళ్ళండి.

గర్భిణీలు ఉన్న ఇంట్లో రిపోర్ట్ వచ్చేదాకా కూడా ఆగకుండా నీళ్ళు మార్చండి, గర్భం పోవడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం దీనితో జరగొచ్చు. తల్లి ఆ నీళ్ళు తాగినా చనుబాలలోకి చాలా తక్కువే వస్తుంది కాబట్టి భయపడి పాలు మాన్పించొద్దు, ఆ నీళ్ళతో డబ్బా పాలు కలిపితేనే అసలు ప్రమాదం. పెద్ద పిల్లలైతే రోజులో సగం స్కూల్లోనే ఉంటారు, అక్కడి పంపు టెస్ట్ అయిందో లేదో హెడ్‌మాస్టర్‌ని అడగండి, కాకపోతే మీ శాంపిల్‌తో పాటే ఆ పంపుది కూడా ఒక బాటిల్ పట్టి ఇవ్వండి, రిజల్ట్ వచ్చేదాకా ఇంటి నుంచే బాటిల్ పంపండి.