అమ్మానాన్నల ఇల్లు సర్దే ముందు రాత్రి పూట బాత్రూందాకా ఓసారి నడిచి చూడండి

సంక్రాంతికి ఊరెళ్ళి ఉన్న నాలుగు రోజుల్లోనే మేస్త్రీని పిలిచి పెద్దాళ్ళకి ఇల్లు అనుకూలంగా చేయించేద్దాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా, ఎందుకంటే నేనూ అదే చేశా. అమలాపురం దగ్గర మా పెంకుటింట్లో పాత గచ్చు తీయించేసి నిగనిగలాడే టైల్స్ వేయించా, చూసినోళ్ళంతా ఆయ్ అద్దంలా ఉందండి అన్నారు, శ్రావణంలో ముసురు పట్టి వసారాలోకి జల్లు కొడితే నాన్నగారు సర్రున జారి తుంటి మీద పడ్డారు. ఎముక విరగలేదు గానీ ఆర్నెల్లు అరుగు మీదకి రాలేదాయన, భయం. ఇప్పుడక్కడ పాలిష్ పట్టని బేతంచెర్ల రాయి ఉంది, ఖర్చు రెండుసార్లు.

అందుకే ముందు ఏదీ కొనొద్దు. రాత్రి రెండింటికి లేచి, లైటెయ్యకుండా, వాళ్ళ మంచం దగ్గర్నుంచి బాత్రూందాకా నడవండి. కాలికి ఏది తగిలితే అదే మీ లిస్టు. నాకు తగిలినవి రెండు గడపలు, ఒక స్టూలు, మడతపడిన పట్టా, పెరటి గుమ్మం దాటాక నూతి చుట్టూ పాచి.

లోపలి గది గడప తీయించేశా. వీధి గుమ్మం గడప మాత్రం అమ్మ ససేమిరా అంది, నేనూ గొడవ పడలేదు, పసుపు ఎందుకు రాస్తారో నాకు తెలీదు గానీ మసకచీకట్లో బాగా కనపడేది ఆ గడపొక్కటే. మనం కూడా ఆ సూత్రమే పట్టుకోవాలి, మెట్టు అంచుకి, స్విచ్ చుట్టూ, కమోడ్ వెనకాల గోడకి వేరే రంగు వెయ్యాలి, తెల్ల గోడ ముందు తెల్ల కమోడ్ వాళ్ళకి సరిగ్గా ఆనదు. అరవై దాటిన కంటికి ఇరవై ఏళ్ళ కుర్రాడికన్నా దాదాపు మూడింతలు వెలుతురు కావాలట. గాలేస్తే కరెంటు పోయే ఊళ్ళు మనవి కాబట్టి దారిలో చార్జింగ్ బల్బులు పెట్టండి.

బాత్రూం దగ్గర మాత్రం పీనాసితనం చెయ్యొద్దు. మా ప్లంబర్ టవల్ రాడ్డు బిగించి ఇది చాలండి అన్నాడు, నేను బరువంతా వేసి లాగితే ఫాస్టనర్‌తో సహా ఊడొచ్చింది, అది అమ్మ చేతిలో ఊడుంటే? మనిషి బరువు ఆగే రాడ్డు వేరే దొరుకుతుంది, అది కొనండి, పాత సున్నం గోడలకి పట్టు తక్కువ కాబట్టి గోడ అవతల నుంచి బోల్టు వేయించండి, సముద్రం దగ్గరైతే 316 గ్రేడ్ స్టీలు తీసుకోండి, ఉప్పుగాలికి మామూలుది తుప్పు పడుతుంది. ఎత్తు నేల నుంచి 33-36 అంగుళాలంటారు, అయినా అమ్మని కూర్చోబెట్టి లేవమనండి, చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. కమోడ్ సీటు ఎత్తు 17-19 అంగుళాలు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోతే మనిషే తలుపుకి అడ్డం అవుతారు. తలుపు గడియ బయట నుంచి తీసేలా ఉండాలి.

ర్యాంపు అందరూ అడుగుతారు. ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు కావాలి, వరద భయంతో ఎత్తుగా కట్టిన ఇళ్ళాయె, మా అరుగు రెండడుగులు, అంటే 24 అడుగుల ర్యాంపు, వీధిలోకి వచ్చేస్తుంది. వీల్‌చైర్ లేకపోతే ఆరంగుళాల మెట్లు కట్టించి రెండు వైపులా కమ్మీ పెట్టించండి చాలు.

పాచికి వారానికోసారి బ్లీచింగ్ చల్లి చీపురుతో రుద్దించడమే, వానాకాలం అంతా. 2022 జులై గోదావరి వరద చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు, మందులూ కాయితాలూ పై అలమరలో ఒకే సంచీలో పెట్టండి.

ఇక వాళ్ళ వస్తువులు. అమ్మకి కత్తిపీట దగ్గర నేల మీంచి లేవడం కష్టమైపోతే కత్తిపీట మానెయ్యమనలేదు, వంటగదిలో కూర్చుని తరిగేలా మోకాలెత్తు వెడల్పాటి దిమ్మ కట్టించాం, కాళ్ళు కిందికి దింపితే నిలబడిపోవచ్చు. నాన్నగారి పడక కుర్చీ పాతదైపోయిందని నేను రిక్లైనర్ కొని హాల్లో వేశా. హాల్లోంచి కాలవ గట్టు కనపడదు, గట్టు మీద ఎవరు పోతున్నారో తెలీదు, ఇంక ఆయన ఎందుకు కూర్చుంటారు. పడక కుర్చీకి కొత్త గుడ్డ వేయించి, కింద చెక్క దిమ్మలతో రెండంగుళాలు ఎత్తు పెంచి మళ్ళీ అరుగు మీదే వేశాం, ఆ వారంలోనే బయటికొచ్చారు. రిక్లైనర్ మీద అమ్మ వడియాల చేటలు పెడుతోంది.