అమెరికాలో వీడియోలో డాక్టరును సంప్రదించే ముందు

అమెరికాకు కొత్తగా వచ్చినవారికి డాక్టరుతో తొలి పరిచయం వీడియోలోనే జరగవచ్చు. ఆసుపత్రి, డాక్టరు, బీమా సంస్థ మీ వివరాలను ఎవరికి చెప్పవచ్చో, ఎవరికి చెప్పకూడదో 1996 నాటి హిపా చట్టం నిర్దేశిస్తుంది. కోవిడ్ కాలంలో మామూలు వీడియో కాల్ యాప్‌లలో రోగులను చూసినా చర్య తీసుకోబోమని ప్రభుత్వం ఇచ్చిన సడలింపు 2023 మే 11న ముగిసింది. కాబట్టి క్లినిక్ సిబ్బంది ఎవరైనా తమ సొంత నంబరుకు రిపోర్టులు వాట్సాప్ చేయమంటే, పోర్టల్‌లో, అంటే రోగుల కోసం క్లినిక్ నడిపే వెబ్‌సైటులో, పంపుతానని చెప్పండి. అందులో మొహమాటం అక్కరలేదు.

అయితే ఆ చట్టం కాపలా కాసేది డాక్టరు వైపే. మీ గది, మీ ఫోను, మీ పాస్‌వర్డు మీరే చూసుకోవాలి. మన ఇళ్లలో గుట్టు బయటపడేది ఎక్కువగా ఇక్కడే.

డిపెండెంటు వీసాపై వచ్చిన భార్యకు పోర్టల్ ఖాతాను భర్తే తన ఈమెయిల్‌తో తెరిచి పెడుతుంటాడు. సాయం చేయాలనే చేస్తాడు. కానీ ఆ తరువాత ఆమె గర్భ పరీక్ష ఫలితమైనా, మనసు బాగాలేదని డాక్టరుకు రాసుకున్న మాటకు జవాబైనా ముందు ఆయన ఫోనుకే చేరుతుంది. ఇంట్లో పెద్దవారు ప్రతి ఒక్కరికీ సొంత ఈమెయిల్, సొంత నంబరు, సొంత పాస్‌వర్డు ఉండి తీరాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. చికిత్స ఖర్చులు చూపుతూ బీమా సంస్థ పంపే ఈఓబీ అనే పత్రం కూడా సాధారణంగా పాలసీదారుకే వెళ్తుంది. ఆ వివరాలు బయటపడితే తనకు ప్రమాదమని ఆమె తెలియజేస్తే, వేరే చిరునామాకు పంపమన్న సహేతుకమైన విన్నపాన్ని బీమా సంస్థ మన్నించాలి.

అమ్మానాన్నలు వస్తే వారి పాస్‌వర్డు మీరు వాడకండి. పోర్టల్‌లో ప్రాక్సీ అనుమతి, అంటే వారి ఖాతాను మీ సొంత లాగిన్‌తో చూసే అనుమతి, అడగండి. కూతురో అల్లుడో అనువదించడమూ వద్దు. ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు అర్హత గల దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు కావాలని చెప్పండి. అల్లుడి ముందు నోరు విప్పలేని పెద్దావిడ, ముక్కూమొహం తెలియని దుబాసీకి తన బాధ చెప్పుకోగలదు.

గది పంచుకునే విద్యార్థులు ఆగి ఉన్న కారులోనో, యూనివర్సిటీ లైబ్రరీలో తలుపున్న చిన్న గదిలోనో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం వద్దు; అందులో చేసేవన్నీ యాజమాన్యం చూడగలదు. మీరున్న రాష్ట్రం ఏదో డాక్టరుకు నిజం చెప్పండి, అక్కడ చెల్లే లైసెన్సు ఉంటేనే సాధారణంగా ఆయన మిమ్మల్ని చూడగలరు.

ఆరోగ్యం పేరున్న ప్రతి యాప్‌కూ హిపా వర్తించదు. వాడేవారి వివరాలను ప్రకటనల సంస్థలకు చేరవేసిందన్న ఆరోపణపై మందులపై తగ్గింపు ధరలు చూపే గుడ్‌ఆర్‌ఎక్స్ సంస్థకు 2023లో 15 లక్షల డాలర్ల జరిమానా పడింది. నెలసరి, నిద్ర, బరువు లెక్కపెట్టే యాప్‌లకు ఏది ఇస్తున్నారో చూసి ఇవ్వండి.

ఆసుపత్రో బీమా సంస్థో మీ వివరాలను అక్రమంగా బయటపెట్టిందని తెలిస్తే, తెలిసిన 180 రోజుల్లోగా ఫెడరల్ ఆరోగ్య శాఖలోని పౌర హక్కుల కార్యాలయానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, లాయరూ అక్కరలేదు.