ఊరి చరిత్ర రాయాలంటే: ముందు పహాణీ, ఆ తర్వాత రాళ్లు, చివరికి పెద్దమనుషులు

ఫ్రాన్స్‌లో ఒక చిన్న పల్లె చరిత్ర రాసేవాళ్లకు ఆసరా ఎక్కువ. 1539 రాజాజ్ఞతో చర్చిల్లో బాప్తిస్మాలు రాసిపెట్టడం తప్పనిసరి అయింది. 1792 నుంచి పుట్టుక, పెళ్లి, చావు ఊరి కచేరీలోనే నమోదయ్యాయి. నల్లగొండ, పాలమూరు పల్లెలకు అలాంటి పుస్తకాలు లేవు. మనకున్నవి భూమి కాయితాలు, రాళ్లు, ముసలివాళ్ల జ్ఞాపకాలు. ఈ వరుసలోనే పోవాలి. నేరుగా పెద్దమనుషుల దగ్గరికి పోతే ఏం అడగాలో తెలియక, వాళ్లు చెప్పిన కథ ఒక్కటే రాసుకొని వస్తాం.

తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి పొలాల లెక్క పుస్తకం) నకలుకు దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు, ఎకరాలు-గుంటలు, పట్టాదారు, సాగు చేసినవారు అందులో ఉంటారు. ఇనాం భూములను ప్రత్యేకంగా రాసుకోండి. నీరడి ఇనాం ఉంటే ఆ ఊళ్లో చెరువు నీళ్లు పంచే మనిషి ఉన్నట్టు. దశబంధం ఇనాం ఉంటే చెరువు కట్టించినందుకో, బాగు చేయించినందుకో భూమి ఇచ్చినట్టు. ఊరు దివానీదా (నేరుగా నిజాం సర్కారు కిందిది), జాగీరా (జాగీర్దారు కిందిది), గద్వాల, వనపర్తి లాంటి సంస్థానం కిందిదా తేల్చుకోండి. పాత కాయితాలు ఏ కచేరీలో తయారయ్యాయో దాన్నిబట్టే తెలుస్తుంది. సేత్వార్ (మొదటి భూమి సర్వే రిజిస్టరు) లాంటి పాతవి ఉర్దూలో ఉంటాయి. ఆ లిపిలో పొట్టి అచ్చులు రాయరు కాబట్టి ఊరి పేరును రెండు మూడు రకాలుగా చదవొచ్చు. పక్క ఊళ్ల పేర్లతో పోల్చాకే ఖాయం చేసుకోండి. నిజాం నాటి కాయితాల్లో వాడిన ఫసలీ ఏడాదిని ఇంగ్లీషు ఏడాదిగా మార్చాలంటే 590 కలపాలి, జనవరి నుంచి తర్వాతి తేదీ అయితే 591.

గుడి ముందరి శాసనం మీద సున్నం, పసుపు, పెయింటు పూసి చదవొద్దు. అక్షరం పూడిపోతే మళ్లీ రాదు. మెత్తని బ్రష్షు, మంచినీళ్లతో కడిగి, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. రాత్రి అయితే టార్చి పక్కనుంచి కొట్టాలి, ఎదురుగా కొడితే గాట్లు కనిపించవు. శక సంవత్సరానికి 78 కలపండి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి శాసనాల్లో శక 1117 అంటే 1195, శక 1130 అంటే 1208. మాఘం, ఫాల్గుణం తేదీలకు 79 పడుతుంది. పక్కన సంవత్సరం పేరు కూడా ఉంటే దానితో సరిచూడండి. కొత్త శాసనం దొరికిందని చెప్పేముందు పురావస్తు శాఖ అచ్చువేసిన జిల్లా శాసన సంపుటాలు తిరగేయాలి.

ఇక పెద్దమనుషులు. వాళ్ల వయసు అడగొద్దు, లెక్క తప్పుతుంది. పోలీసు యాక్షన్ (సెప్టెంబరు 1948) నాటికి, పోచంపల్లి భూదానం (ఏప్రిల్ 1951) నాటికి ఏం పని చేస్తున్నారో, ఎంత ఎత్తున్నారో అడగండి. పహాణీలోని చెల్కల (మెట్ట చేల) పేర్లు ఒక్కొక్కటి చదివి వినిపిస్తే మరిచిపోయినవి వాటంతటవే వస్తాయి. పిచ్చకుంట్ల, చిందు, మందహెచ్చుల వాళ్లు చెప్పే కులపురాణాలు విడిగా రికార్డు చేయండి. వాటిలోని ఏళ్లను, తరాలను మాత్రం చరిత్ర తేదీలుగా రాయొద్దు. ఒకే సంగతిని ఇద్దరు రెండు తీర్లుగా చెబితే రెండూ, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయండి.

శ్రీశైలం ముంపులో పోయిన ఊరైతే బొడ్రాయిని నడుమ పెట్టి, పాత వాడలు, బావులు, గుళ్లు కాగితం మీద గీయించండి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గాక ఆ పటం పట్టుకుని, గీసిన మనిషినే వెంట తీసుకుపోండి.