పిల్లలు అమ్మను "అమ్మా" అని పిలవాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేయాలి?

కోనసీమలో మా అంగన్‌వాడీకి వచ్చే పిల్లల్లో కన్నతల్లిని "అక్కా" అనేవాళ్ళున్నారు, "వదినా" అనేవాళ్ళున్నారు, పేరు పెట్టి పిలిచేవాళ్ళూ ఉన్నారు. కొందరికి అమ్మ అంటే అమ్మమ్మే. పనికని కువైట్ వెళ్ళిన కన్నతల్లిని "కువైట్ అమ్మ" అంటారు. "నా బిడ్డ నన్ను అమ్మా అనట్లేదు టీచరుగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకునే తల్లులకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పిల్లలు మనం అనమన్న పిలుపు అనరు, తమ చెవిన పడే పిలుపే అంటారు. అందుకని పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పించబోకండి. మార్చాల్సింది పెద్దవాళ్ళ మాట.

ముందు ఒక రోజంతా వినండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా, పిల్లల ముందు తల్లిని ఎవరెవరు ఏమని పిలుస్తున్నారో కాగితం మీద రాసుకోండి. నాకు తెలిసిన ఒక ఉమ్మడి కుటుంబంలో అత్తగారు కోడల్ని పేరు పెట్టి పిలుస్తారు. మరిది "వదినా, కాఫీ" అంటాడు. ఆడపడుచు "వదినా, నా చున్నీ ఏది?" అంటుంది. భర్త "ఏమోయ్" అంటాడు. ఇంతమందిలో "అమ్మ" అనే మాట ఎవరి నోటా రాదు. అలాంటప్పుడు రెండేళ్ళ పిల్లాడు "వదినా, పాలు" అన్నాడంటే వాడి తప్పేముంది? మొదటిసారి అన్నప్పుడు ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. వాడికి సంబరమేసి మళ్ళీ అన్నాడు, ఇక ఆ పిలుపే ఖాయమైపోయింది.

అందుకే మొదట నవ్వడం మానేయండి. అలాగని కోప్పడనూ వద్దు. వాడు "వదినా, పాలు" అంటే తల్లి గ్లాసు అందిస్తూ "ఇదిగో, అమ్మ పాలు తెచ్చింది" అనాలి, అంతే. "వదిన అనకూడదు, అమ్మా అను" అని దిద్దితే "వదిన" అన్న మాట ఇంకోసారి చెవిన పడుతుంది.

తర్వాత ఇంట్లో అందరూ పిల్లాడి వైపు నుంచి మాట్లాడడం మొదలుపెట్టాలి. మరిదికి కాఫీ కావాలంటే పిల్లాణ్ణి పిలిచి "మీ అమ్మను బాబాయికి కాఫీ ఇమ్మని చెప్పరా" అంటే చాలు. వాడు పరిగెత్తుకెళ్ళి "అమ్మా, బాబాయికి కాపీ" అని అరుస్తాడు. ఇలా కబుర్లు మోయడమంటే పిల్లలకు మహా ఇష్టం. ప్రతిసారీ కుదరదులెండి, రోజుకు నాలుగైదు కబుర్లు పంపినా ఫలితం కనిపిస్తుంది. అత్తగారితో మాత్రం ఈ సంగతి కోడలు చెప్పకూడదు, కొడుకే చెప్పాలి. "అమ్మా, వాడి ముందు మేమంతా నిన్ను మామ్మ అంటున్నాం కాబట్టే వాడు నిన్ను మామ్మా అంటున్నాడు. వాళ్ళమ్మ విషయంలోనూ అలాగే చేద్దాం" అంటే ఏ పెద్దావిడా కాదనడం నేను చూడలేదు.

తల్లి కూడా చంటిపిల్లలతో "నేను వస్తున్నా" అనే బదులు "అమ్మ వస్తోంది", "అమ్మ చెయ్యి పట్టుకో" అంటూ ఉండాలి. పిల్లలు సొంతంగా "నేను", "నువ్వు" అనడం మొదలెట్టాక మామూలుగా మాట్లాడుకోవచ్చు. కొడుకుని "నాన్నా" అని, కూతుర్ని "అమ్మా", "తల్లీ" అని ముద్దు చేస్తే పిల్లలు తికమకపడతారా అని చదువుకున్న తల్లులు అడుగుతుంటారు. ఏమీ పడరు. మనమందరం అలాంటి పిలుపుల మధ్య పెరిగినవాళ్ళమే.

ఏడెనిమిది నెలలకు బిడ్డ "మమమ", "బబబ" అంటుంది. పెదవులు కలిపితే వచ్చే శబ్దాలు కాబట్టి అవి పిల్లలకు తేలిక. అప్పటికింకా మిమ్మల్నే పిలుస్తోందని కాదు, అయినా మీరు పలకండి. పొయ్యి తగ్గించి దగ్గరకొచ్చి "అమ్మ వచ్చిందమ్మా" అని మొహంలో మొహం పెట్టండి. తను ఆ శబ్దం చేస్తే ఈ మనిషి వస్తుందని బిడ్డకు తెలిసేది అప్పుడే. ఏడాదికి అటూ ఇటూగా తెలిసే పిలుస్తుంది. ఏడాది నిండినా అలాంటి శబ్దాలేవీ లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా పిలుపు సంగతి పక్కన పెట్టి వినికిడి పరీక్ష చేయించండి. "వాళ్ళ నాన్నకూ మాటలు లేటే" అని ఊరుకోవద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద అంగన్‌వాడీ పిల్లల్ని డాక్టర్లు ఏడాదికి రెండుసార్లు చూడాలి. అనుమానం ఉంటే ఆ రోజు తప్పకుండా తీసుకురండి.

మా వైపు అసలు కష్టం కువైట్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఉంది. గోదావరి జిల్లాల నుంచి, కడప, రాయచోటి వైపుల నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు అక్కడికి ఇంటిపనికి వెళ్తారు. చంటిబిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తే, సెలవు మీద తిరిగొచ్చేసరికి బిడ్డకు ఆవిడే అమ్మ. అందులో వింతేమీ లేదు. ఆ ఇంట్లో మామయ్య, పిన్ని అందరూ ఆవిణ్ణి "అమ్మా" అనే కదా పిలుస్తారు!

ఆ పిలుపును అమ్మమ్మ దగ్గర నుంచి లాక్కోవద్దని చేతులెత్తి చెబుతున్నాను. జ్వరమొస్తే రాత్రంతా మేల్కొని తడిగుడ్డ వేసిన మనిషిని ఆ పిల్ల అమ్మా అంటోంది. దాన్ని తప్పని చెబితే పిల్ల ఎవర్ని నమ్మాలి? అమ్మమ్మే మెల్లగా తనను తాను "అమ్మమ్మ" అని చెప్పుకోవడం మొదలుపెట్టాలి: "అమ్మమ్మ అన్నం కలిపింది, రా", "అమ్మమ్మ జడ వేస్తుంది, కూర్చో". కొన్నాళ్ళు రెండు పిలుపులూ కలగాపులగంగా నడుస్తాయి, నడవనివ్వండి. "కువైట్ అమ్మ" అనడం మాత్రం పెద్దవాళ్ళు వెంటనే మానేయాలి. "అమ్మ కువైట్‌లో ఉంది" అనండి. అప్పుడే కువైట్ అనేది ఒక దేశం పేరని, అమ్మ వేరని పిల్లకు తెలుస్తుంది.

వీడియో కాల్‌కు వేళ ముఖ్యం. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆమె పని ముగిసి గదికి చేరేసరికి ఇక్కడ పిల్ల నిద్రలో ఉంటుంది. అందుకని పొద్దుటి పూట పెట్టుకోమంటాను. ఇక్కడ ఏడున్నర అయితే అక్కడ ఐదు, ఆమె పనిలోకి దిగే ముందు. ఫోన్ పిల్ల మొహం ముందు పెట్టి "అమ్మా అను, అమ్మా అను" అని వేధిస్తే పిల్ల ఫోనంటేనే పారిపోతుంది. ఫోన్ గోడకు ఆనించి పెట్టి టిఫిన్ తినిపించండి, తల్లి అటు నుంచి కబుర్లు చెబుతుంది. అలా ఒక పాప రోజూ ఇడ్లీ ముక్క ముందు ఫోన్‌కి పెట్టి, తర్వాత తను తినేది. తెరంతా చట్నీయే.

తల్లి ఇంటికొచ్చాక మొదటి వారం తొందరపడకూడదు. బిడ్డను ఎత్తుకోబోతే అమ్మమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కుంటుంది. ఆ నొప్పి నేను కళ్ళారా చూశాను. అయినా ఓర్చుకోవాలి. అమ్మమ్మ చేసే పనుల్లో ముందు ఒక్కటి మీ చేతిలోకి తీసుకోండి, స్నానమైతే మంచిది. అమ్మమ్మ పక్కన కూర్చుంటుంది, నీళ్ళు మీరు పోస్తారు. నాలుగు రోజులకు ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఆ తర్వాత మీరిద్దరే. మొదట్లో పిల్ల మిమ్మల్ని "ఇదిగో" అని, "ఓయ్" అని పిలుస్తుంది. దానికీ అంతే సంతోషంగా పలకండి. చాక్లెట్ చూపించి "అమ్మా అంటేనే ఇస్తా" అనొద్దు. "అనకపోతే మళ్ళీ వెళ్ళిపోతా" అన్న మాట సరదాకు కూడా రానివ్వొద్దు. నిజంగానే ఒకసారి వెళ్ళిపోయిన తల్లి ఆ మాటంటే పిల్ల గుండె ఎలా తట్టుకుంటుంది?

తల్లిదండ్రులది చెరో ప్రాంతమైతే బిడ్డ పుట్టగానే మాట్లాడుకోండి. తెలంగాణ పల్లెల్లో తల్లిని "అవ్వ" అంటారు, రాయలసీమలో అవ్వంటే అమ్మమ్మో నానమ్మో. ఒకే ఇంట్లో ఒకే పిలుపు ఇద్దరికి పడితే చంటిపిల్లలకు కష్టం. ఇక "మమ్మీ" సంగతంటారా, పిల్లలే తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి గానీ, బడి కోసమని ఇంటి పిలుపును మీరుగా మార్చకండి.

దత్తత తెచ్చుకున్న బిడ్డకు మొదటి రోజు నుంచీ మీరు అమ్మే, అందులో సంకోచం వద్దు. తల్లి పోయాక ఇంటికి వచ్చిన ఆవిడ విషయం వేరు. కన్నతల్లి గుర్తున్న పిల్లలు "పిన్నీ" అనే పిలుస్తామంటే అలాగే పిలవనివ్వాలి. "అమ్మా అనాల్సిందే" అని తండ్రి పట్టుబడితే పిల్లలకూ ఆవిడకూ మధ్య దూరం పెరుగుతుంది.

అమ్మా అనడం బాగా వచ్చాక అమ్మ అసలు పేరు కూడా నేర్పండి. దీన్ని చాలామంది మర్చిపోతారు. తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లాణ్ణి "మీ అమ్మ పేరేంటి?" అని అడిగితే "అమ్మ" అనే చెబుతాడు. మూడేళ్ళు దాటినవాళ్ళకు ఇంటిపేరుతో సహా అమ్మ పేరు, ఊరి పేరు రావాలి, నాలుగేళ్ళు దాటితే ఫోన్ నంబరు కూడా. నంబరును పాటలా రాగం తీసి చెబితే త్వరగా పట్టుకుంటారు. పిల్లలు తప్పిపోతే పెద్దవాళ్ళు ఫోన్ చేయాల్సిన నంబరు 1098. 2015 తర్వాత మళ్ళీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల దగ్గర జనం ఎలా ఉంటారో మనకు తెలుసు. రోజూ స్నానం చేయించేటప్పుడు ఒకసారి అడిగి చెప్పించండి.